మంగళవారం లేని ఫైళ్లు

కృపామణి పక్క సీటు నాలుగేళ్లు ఖాళీగానే పోయింది. తిరుపతి నుంచి రేణిగుంట దాకా కంపెనీ బస్సు రోజూ కిక్కిరిసి వెళ్లేది. కమ్మీ పట్టుకుని వేలాడేవాళ్లు సైతం ఆ సీటు వైపు చూసేవాళ్లు కారు. మొదట్లో ఎవరైనా కూర్చుంటారేమోనని ఆమె చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కిటికీ వైపు ఒదిగి కూర్చునేది. పోను పోను సంచిని ఆ సీట్లోనే పెట్టడం అలవాటు చేసుకుంది.

ఏం తప్పు చేసిందయ్యా ఆ మనిషి అంటారు. ఏ తప్పూ చెయ్యలేదు. చెయ్యలేదని నోరు తెరిచి చెప్పుకోలేదు, అంతే. చెప్పుకోకపోతే జనం ఊరుకుంటారా? తలా ఒక మాట వాళ్లే చెప్పేస్తారు.

ఆమె నాయన ఇమ్మానుయేలు ఆ కంపెనీలోనే ఫిట్టరు. రైల్వే సిగ్నళ్లకు కంట్రోలు బోర్డులు చేసే కంపెనీ అది, పేరెందుకులెండి. ఆయన చేతి కింద పని నేర్చుకున్న వెంకటముని మెల్లగా పైకొచ్చి టెస్టింగ్ సెక్షనుకు ఇన్‌ఛార్జి అయ్యాడు. ఇమ్మానుయేలు పోయిన నెలలోనే ఇరవై రెండేళ్ల కృపామణిని మేనేజరు ముందు నిలబెట్టి, "మా గురువు బిడ్డ సార్, టైపు వచ్చు" అని రికార్డు రూములో ఉద్యోగం ఇప్పించింది ఆయనే. అప్పటినుంచీ ఆమెకు ఆయన అన్న, ఆయన భార్య తిరుమలమ్మ వదిన.

తల్లి పదిహేనేళ్లు మంచంలో ఉంది. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా "అమ్మ కుదుటపడనీ" అంటూ వచ్చింది కృపామణి. అమ్మ పోయాక ఆ మాట ఎత్తేవాళ్లే లేరు. కొర్లగుంటలో ఒంటిగది, ఒక స్టవ్వు, ఒక రేడియో. రాత్రి వండిన అరగ్లాసు బియ్యమే పొద్దున క్యారియరులోకి వెళ్లేది. ఆదివారం మాత్రం చర్చి వదలగానే వెంకటముని ఇంటికి నడిచి పోయేది. "ఏం పాపా, మీ చర్చి అయ్యగారు ఈ పొద్దుటికి వదిలినాడా? సంగటి సల్లారిపోయినాది" అని తిరుమలమ్మ కసిరేది. వారానికి ఒక్కసారి తనను కసిరే మనిషి ఉండటమే ఆమెకు పండగ. పద్దెనిమిదేళ్లలో ఆమె ఆ ఇంటికి పోని ఆదివారాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఇక ఆ కంపెనీలో ఒక కట్టుబాటు ఉండేది. తొంభై నాలుగులో ఒక మంగళవారం పాసైనట్టు సంతకం పెట్టి పంపిన బోర్డులు, బిగించిన వారానికే కాలిపోయాయి. లోపం యాడుందో ఇంజనీర్లు తర్వాత కనుక్కున్నారు గానీ, మంగళవారం అచ్చిరాదని వెంకటముని మనసు అప్పటికే నిశ్చయించుకుంది. "మంగళారం సంతకం పెట్టగాకండ్రా" అన్నాడు. పని ఆపమనలేదు, సంతకమే వద్దన్నాడు. మంగళవారం పరీక్ష చేసిన బోర్డుకు సోమవారం తేదీ వేసేవాళ్లు. మనిషి చెడ్డవాడు కాదు, బోర్డును మూడుసార్లు పరీక్షించందే బయటికి వదిలేవాడు కాదు. ఆ కాగితాలన్నీ వరసగా ఫైలు చేసింది కృపామణే. ఆమెకూ తెలుసు. అన్న పెట్టిన పద్ధతి కదా అని ఊరుకుంది.

రెండువేల మూడులో అప్రైజల్ వచ్చింది. జీతాలు పెంచే అప్రైజల్ అనుకునేరు, అది కాదు. కంపెనీ పని చేసే పద్ధతి ఎంత పక్కాగా ఉందో బయటివాళ్లు వచ్చి తూచి, ఇది రెండో మెట్టు, ఇది మూడో మెట్టు అని తేల్చే వ్యవహారం. మూడో మెట్టు వస్తే పెద్ద ఆర్డరు ఖాయం. చెన్నై నుంచి సుబ్రమణ్యం అనే పెద్దమనిషి ముగ్గురు సభ్యుల జట్టుకు నాయకుడిగా వచ్చాడు. వాళ్లతో పాటు నాలుగో మనిషిగా కంపెనీ మనిషి ఒకరుండాలి. ఆ మనిషి ఎవరి పని తూస్తారో వాళ్ల మీద అధికారి కాకూడదు, వాళ్ల కింద పనివాడూ కాకూడదు. కాగితం ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగలిగిన కృపామణి అందరికీ తోచింది.

ఆ జట్టుకు ఉన్నన్ని నియమాలు మడి కట్టుకున్న వంటింటికి కూడా ఉండవు. కాగితం ఒక్కటే చూసి ఏదీ రాయకూడదు, మనిషి నోటితో కూడా వినాలి. పనివాడితో మాట్లాడేటప్పుడు వాడి పైఅధికారి ఆ గదిలో ఉండకూడదు. జట్టులో నలుగురూ ఒప్పుకుంటేనే ఒక వాక్యం రాయాలి, ఒక్కరు కాదన్నా ఆ వాక్యం ఆగాలి. చివర్న ఎవరి రాతలు వాళ్లు చింపేయాలి. అన్నిటికన్నా పెద్దది, లోపల ఎవరు ఏం చెప్పారో ఎప్పటికీ బయట అనకూడదు.

"ఎవరు చెప్పినారో మాత్రం లేదమ్మా, ఎవరు చెప్పలేదో కూడా అనకూడదు" అన్నాడు సుబ్రమణ్యం, తన మద్రాసు తెలుగులో. "నేను లేదు, నేను లేదు అని ఒక్కొక్కరు తప్పుకుంటే చివర మిగిలేవాడు దొరికిపోతాడు కదా. వాడు మనల్ని నమ్మి మాట్లాడినాడు." కృపామణి కాగితం మీద సంతకం పెట్టింది. బైబిలు మీద చెయ్యి వేసినంత నిష్ఠగా పెట్టింది.

రెండో రోజు సుబ్రమణ్యం టెస్టు రిపోర్టులు తిరగేస్తూ ఆగాడు. రెండేళ్ల ఫైళ్లలో మంగళవారం తేదీ ఒక్కటీ లేదు. స్టోర్సు చీటీ చూస్తే బోర్డు మంగళవారం సెక్షనుకు వచ్చింది, రిపోర్టు చూస్తే సోమవారమే పాసైంది. రాని బోర్డును ఎట్లా పరీక్ష చేశారు? ఎనిమిది మందిని అడిగారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాత్రం మాయం. ఒకడు తెలీదన్నాడు, ఒకడు రాసేటప్పుడు పొరపాటన్నాడు.

మూడో రోజు వెంకటమునిని ఒంటరిగా పిలిచారు. ఆయన గదిలోకి వచ్చి కూర్చుని, కృపామణిని చూసి చిన్నగా నవ్వాడు. సుబ్రమణ్యం రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఏమీ గద్దించకుండా అడిగాడు. వెంకటముని వాటిని దగ్గరికి లాక్కుని తేదీలు చూశాడు.

"నేనే సార్" అన్నాడు. "మంగళారం సంతకం వద్దని నేనే సెప్పినా. తేదీలు నేనే మార్పించినా. బోర్డుల్లో మోసం లేదు సార్, తేదీల్లోనే ఉండాది. పిలకాయలకు దీంతో పని లేదు."

కృపామణికి ఏడుపు వచ్చింది. ఎంత మంచి మనిషి అనుకుంది. ఆ సాయంత్రం జట్టు ఆ వాక్యం రాయడానికి కూర్చుంది. ముగ్గురూ సరేనని ఆమె వైపు తిరిగారు. ఆమె కాదంటే అది అక్కడే ఆగిపోయేది. కానీ నిజం కదా. పైగా అన్న అంత ధైర్యంగా చెప్పిన మాటను తను కొట్టేయడమా? ఆమె సరేనంది. తన రాతలు నాలుగు ముక్కలుగా చింపి సంచిలో వేసింది.

మూడో మెట్టు రాలేదు. ఆర్డరు రాలేదు. రెండు నెలల్లో కాంట్రాక్టు మీద ఉన్న నలభై మందిని మాన్పించారు. అందులో వెంకటముని అల్లుడొకడు. అప్పటికి కూతురికి చంకలో పిల్ల.

ఇక మొదలైంది వేట. బయటివాళ్లకు ఈ గుట్టు ఎవరు చెప్పారు? మేనేజరు గిరిప్రసాద్ కృపామణిని పిలిచి, తలుపు వేసి అడిగాడు. "చెప్పకూడదని సంతకం పెట్టినాను సార్" అంది ఆమె. "అంటే నువ్వేనన్నమాట" అన్నాడు ఆయన. ఆమె నేల చూసింది. ఆ మాట క్యాంటీనుకు చేరడానికి పది నిమిషాలు పట్టలేదు. "వాళ్లకు మంగళారమేంది, శుక్రారమేంది? మన పట్టింపు ఆమెకు నవ్వులాట" అన్నారు. పద్దెనిమిదేళ్లుగా క్రిస్మసుకు ఆమె పంచిన కేకు తిన్న నోళ్లే అవి. వినడానికి నాకే ఒళ్లు మండింది, పడ్డ మనిషి సంగతి చెప్పాలా?

అయినా ఆమెకు ఒక ధైర్యం. వెంకటముని ఉన్నాడు. రేపో మాపో ఆయనే చెప్తాడు. చెప్పాల్సిన మనిషి ఆయనే, ఆయన నోటికి ఏ నియమమూ అడ్డం లేదు. ఆదివారం చర్చి అయ్యాక ఎప్పటిలాగే వాళ్లింటికి నడిచింది. తిరుమలమ్మ వాకిట్లోనే అడ్డం నిలబడింది.

"నువ్వేనా పాపా సెప్పింది? కాదని ఒక్క మాట అను. నేను నమ్ముతా."

ఎంత చిన్న మాట. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ తను కాదంటే తర్వాతి ప్రశ్న మరెవరని. ఒక్కొక్కరూ తప్పుకుంటే చివర మిగిలేది ఈ ఇంటి మనిషే. తిరుమలమ్మ భుజం మీదుగా చూస్తే లోపల వెంకటముని తువ్వాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. కృపామణి ఆయననే చూస్తూ నిలబడింది. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు.

"మా అల్లుడు నీకేం అన్యాయం చేసినాడమ్మా" అని తిరుమలమ్మ తలుపు వేసుకుంది.

ఆయన్ని తిట్టాలనే ఉంది నాకు. కానీ చూడండి, అల్లుడి ఉద్యోగం తన మాటతోనే పోయిందని కూతురి ముందు, పెళ్లాం ముందు ఏ మొగోడు చెప్పగలడు? మొదటిరోజు చెప్పి ఉంటే చెల్లిపోయేది. రెండోరోజు కష్టమైంది. నెల తిరిగేసరికి చెప్పడమే రెండో తప్పు అయి కూర్చుంది. కంపెనీ బస్సులో ఆయన ముందు సీట్లో, ఆమె వెనక సీట్లో. దిగేటప్పుడు ఆయన ఎప్పుడూ వెనక్కి తిరగలేదు.

కృపామణి మధ్యాహ్నం అన్నం రికార్డు రూములో ర్యాకుల మధ్య తినేది. ఇంటికొచ్చాక గట్టిగా ప్రార్థన చేసేది, దేవుడికి వినపడదని కాదు, ఆ గదిలో ఒక గొంతు వినపడాలని. ఆదివారాలు మరీ చంపేవి. చర్చి వదిలాక అందరూ ఇళ్లకు పోయేవాళ్లు. ఆమె ఖాళీ బెంచీలు సర్దుతూ, అయ్యగారు తాళం వేసేదాకా ఉండి, అలిపిరి వైపు ఊరికే నడిచి తిరిగొచ్చేది. ఒకసారి కృపామణి అని తన పేరు తనే పలికి చూసుకుంది. ఆ రోజు ఆ పేరుతో ఎవరూ పిలవలేదు మరి.

రెండువేల ఆరులో వెంకటముని రిటైరయ్యాడు. దండ వేసే సభకు ఆమెను పిలవలేదు. ఆ మరుసటి ఏడు ఒక ఆదివారం చర్చి గేటు బయట తిరుమలమ్మ నిలబడి ఉంది. జుట్టు బాగా నెరిసింది.

"అల్లుడికి శ్రీపెరుంబుదూరులో పని దొరికినాది. బిడ్డా ఆడనే ఉండాది. ఇంట్లో మేమిద్దరమే, మాట్లాడే దిక్కు లేదు" అంది. "పా, పోదాం."

దారంతా తిరుమలమ్మే మాట్లాడింది. కృపామణి వింటూ నడిచింది. మనసులో ఒకటే ఆశ. ఆయనే చెప్పి ఉంటాడు, అందుకే పిలుచుకుపోతోంది.

వెంకటముని బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చక్కెర జబ్బుతో సగమైపోయాడు. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. తిరుమలమ్మ ఇద్దరికీ కంచాలు పెట్టి, వడ్డించకుండా ఎదురుగా కూర్చుంది.

"ఈయప్ప నిన్ను ఎప్పుడో మన్నించేసినాడు పాపా. నాలుగేండ్లుగా నాతో అంటానే ఉండాడు, ఒంటిమనిషి, ఏదో తెలీక సెప్పింటాది, పోనీలే అని. నేనే కడుపులో పెట్టుకోలేకపోయినా. ఈ పొద్దు నువ్వు ఒక్కసారి తప్పైపోయింది వదినా అను. దాంతో తీరిపోతాది."

నాలుగేళ్లుగా అంటానే ఉండాడు! ఊరుకున్నాడనుకుంది కృపామణి ఇన్నాళ్లూ. ఊరుకోలేదు, తన మీదికే తోసి, దాని మీద జాలి కూడా పడ్డాడు. కంచం విసిరికొట్టి లేచిపోవాలనిపించింది. కొర్లగుంట గది గుర్తొచ్చింది, స్టవ్వూ, రేడియో, అరగ్లాసు బియ్యం. ఆమె తలెత్తి వెంకటమునిని చూసింది. చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం ఆయనకు దొరకదు. ఆమె ఆగింది. వంటింట్లో కూర ఉడుకుతున్న చప్పుడు వినిపించేంతసేపు ఆగింది. ఆయన కళ్లు కంచం మీదనుంచి లేవలేదు.

"తప్పైపోయింది వదినా" అంది కృపామణి.

తిరుమలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని లేచి సంగటి తెచ్చింది. ఇద్దరికీ ఒక్కో ముద్ద పెట్టి, పైన పులుసు పోసింది. కృపామణి కొంచెం తుంచి పులుసులో అద్దుకుంది. అప్పుడు నోరు తెరిచాడు వెంకటముని.

"ఆ బిడ్డకు ఇంకొంచెం పెట్టు" అన్నాడు.