అత్త బాగు చేసిన తోలుపట్టా

అత్త బతికున్నప్పటి మాట. మామయ్య క్షౌరశాలలో ఒక్క వారంలో ఇద్దరి చెంపలు తెగాయి. తప్పు కత్తి నూరే తోలుపట్టాదేనని మామయ్య అన్నాడు. బిరుసెక్కిపోయి పదును నిలవనివ్వడం లేదట. అదే నిజం కావాలని అందరం కోరుకున్నాం. పట్టాది కాకపోతే తప్పు మామయ్య చేతిది. ముప్ఫై ఏళ్ళుగా గడ్డాలు గీసి ఇల్లు నడిపింది ఆ చెయ్యే.

పట్టాలు బాగు చెయ్యడం మా మేనత్త పని. వీధిలోని క్షౌరశాలలన్నిటి పట్టాలూ ఆమె దగ్గరికే వచ్చేవి. ఆమె పోయి నెలయింది. తోలు తోమి తోమి మణికట్టు దగ్గర అద్దంలా నున్నబడ్డ ఆ అరచెయ్యి ఇంకా నా కళ్ళ ముందే ఉంది.

ఆ పొద్దున అత్త మామయ్య పట్టాను షాపులో బల్ల మీద పరిచి, సబ్బు నురగతో మురికి తీసింది. ఆరాక సన్నటి గరుకు కాగితంతో రుద్దింది. రెండంటే రెండు చుక్కల నూనె రాసి, తోలు వెచ్చబడేదాకా అరచేత్తో తోమింది. నూనె ఎక్కువైతే తోలు మెత్తబడి కత్తి మొండిబారుతుంది.

మధ్యలో ఒకసారి ఆగింది. పట్టా చివర, కత్తిని తిప్పే చోట, నాలుగు కొత్త గాట్లు. కత్తిని పదును లేని వైపు మీద దొర్లించి తిప్పాలి. చెయ్యి వణికితే అంచు తోలులో దిగుతుంది. అత్త మామయ్య వైపు చూడలేదు. గాట్లు కనబడకుండా రుద్ది, మళ్ళీ తోమింది.

మధ్యాహ్నం పరీక్షకి మా నాన్న ముఖాన నురగ పూయించుకుని కుర్చీలో కూర్చున్నాడు.

"గొంతు జాగ్రత్త బావా. తెగిందంటే మా అక్కకి పుట్టిల్లుండదు."

"నోరు మూసుకుంటే నీ గొంతు నీకు దక్కుతుంది."

నవ్వింది వాళ్ళిద్దరే. మామయ్య కొక్కేనికి తగిలించిన పట్టాను లాగిపట్టి నూరాడు. పదిసార్లు ఒకటే చప్పుడు. పదకొండోసారి చర్రుమంది. తోలు మీద వేలెడు గాటు.

మామయ్య దాన్ని బొటనవేలితో తడిమాడు.

"పొద్దున కూడా గాట్లున్నాయా?"

"నాలుగున్నాయి," అంది అత్త.

"చెప్పలేదేం?"

"రుద్దితే పోతాయేమోనని చూశానండి."

ఆయన పట్టాను వదిలేశాడు. తర్వాత కత్తి మడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"మీ తమ్ముడి గడ్డం నువ్వే గియ్యి."

అత్త అంతవరకు మనిషి ముఖం మీద కత్తి పెట్టి ఎరగదు. నాన్న తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకున్నాడు.