దసరాకు రుద్దిన నంబరు

పాతబస్తీ మొఘల్‌పురాలోని మా ఇంట్లో దసరా వస్తే నాన్న కుట్టుమిషన్‌ను కిరసనాయిలుతో తుడిచి బొట్టు పెట్టేవాడు. అది చూసి పెరిగినవాణ్ణి. విమానాల షెడ్డులో మెకానిక్‌గా చేరాక కూడా ఆ రోజు ఇనుప సామాను జోలికి పోకుండా ఉండలేకపోయేవాణ్ణి. స్పానర్లు, జాకీలు, చివరికి తలుపు గొళ్లెం కూడా మెరవాల్సిందే.

నాకు పని నేర్పిన ఉస్తాద్ బార్కస్ మనిషి, ముసల్మాను. అరవైకి దగ్గర పడ్డాడు. పూజ జరుగుతుంటే దూరంగా నిలబడేవాడు గానీ కొబ్బరిముక్క మొదట ఆయనకే ఇవ్వాలి, లేకపోతే రెండు రోజులు మాట్లాడడు.

మా ఫ్లయింగ్ క్లబ్బు షెడ్డులో ఎగిరే స్థితిలో ఉన్నది ఒక్కటే చిన్న విమానం, కుర్రాళ్లకు నడపడం నేర్పేది. ఆ ఏడు దసరాకు దాని ఇంజిన్ విప్పి ఉంది. ముందరి పంకాను తిప్పే క్రాంక్‌షాఫ్ట్ అరిగిపోతే, మూలన పడి ఉన్న, నంబరు రేకు కూడా ఊడిపోయిన మరో ఇంజిన్‌లోంచి ఉస్తాద్ ఒకటి తీసి సిద్ధం చేశాడు. పంకా బిగించే చోట దాని అంచుకు తుప్పు పట్టింది. నేను ఎమరీ కాగితం తీసుకుని సాయంత్రం దాకా రుద్ది, కుంకుమ పెట్టాను. ఉస్తాద్ వేలితో తడిమి చూశాడు.

"శభాష్ బేటా, అద్దం లెక్క చేసినవ్."

నేను పొంగిపోయాను. నాకంత తెలివి.

మరుసటి ఎండాకాలం ఇంజిన్ కంపెనీ నుంచి సర్వీస్ బులెటిన్ వచ్చింది. ఫలానా నంబర్ల ఇంజిన్లలో వేసిన ఫలానా నంబర్ల క్రాంక్‌షాఫ్టుల ఉక్కు నాసిది, గాలిలో విరగవచ్చు, మార్చేదాకా ఎగరవద్దు అని. కొత్తది పైదేశం నుంచి రావాలి. దాని దిగుమతి అనుమతికే ఏళ్లు పడతాయి. క్లబ్బు సెక్రటరీ దాపరికం లేకుండా చెప్పాడు: విమానం ఆగితే పని ఉండదు, మీ ఇద్దరిలో ఒకణ్ణి కాపలాకు ఉంచుతాం, రెండోవాడు ఇంటికి.

ముందు ఇంజిన్ మీది నంబరు రేకు చూశాం. ఆ నంబరు బులెటిన్ లెక్కలో లేదు. సెక్రటరీ చాయ్ తెప్పించాడు. ఉస్తాద్ కప్పు ముట్టుకోలేదు.

"రేకు ఇంజిన్‌ది సాబ్. లోపల షాఫ్ట్ వేరేది," అన్నాడు.

నోరు మూసుకుని చాయ్ తాగి ఉంటే సరిపోయేది. నాకు ఆయన మీద ఒళ్లు మండింది. కానీ ఆ విమానం ఎక్కేది ఎవరి పిల్లలో ఆయన మరిచిపోలేదు, నేను మరిచిపోయాను.

లాగ్‌బుక్కులో 'షాఫ్ట్ మార్చడమైనది' అని ఉంది, నంబరు లేదు. "నంబర్ ఇనుము మీదనే ఉంటది, మళ్ల కాగితం మీదెందుకు" అనేది ఆయన పద్ధతి. షాఫ్ట్ నంబరు పంకా బిగించే అంచు మీదే సన్నగా చెక్కి ఉంటుంది, అందుకని పంకా విప్పాం. నేను టార్చి పట్టుకున్నాను. ఉస్తాద్ భూతద్దం పెట్టి చూశాడు, కిరసనాయిలుతో తుడిచాడు, గీతలు తేలతాయేమోనని సుద్దపొడి రుద్దాడు. అంచంతా నున్నగా ఉంది. ఒక్క అంకె కూడా లేదు.

"దసరకు రుద్దినవ్ గదా," అన్నాడు నెమ్మదిగా.

"రుద్దిన ఉస్తాద్."

బులెటిన్ చివరి వాక్యం ఆయనే వేలు పెట్టి చూపించాడు. నంబరు చదవరాకపోతే ఆ షాఫ్ట్ చెడ్డదిగానే లెక్క. అది మంచిదే అయి ఉండొచ్చు. ఈ జన్మకు తెలియదు.

సెక్రటరీ ఎవరు చెరిపారని అడిగాడు. "నేనే రుద్దిన సాబ్," అన్నాడు ఉస్తాద్. నేను పక్కనే ఉన్నాను. ఇంట్లో ఇద్దరు పిల్లలు, బాలింత భార్య. టార్చి తీసి పెట్టెలో పెట్టేశాను. నెలాఖరుకు ఆయన్ని పంపేశారు. కాపలా నాకు దక్కింది. సిగ్గు లేకుండా చేశాను.

ఆ దసరాకు కొబ్బరిముక్క పట్టుకుని బార్కస్ వెళ్లాను. ఎవరూ పనిలో పెట్టుకోలేదట, అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చాలా ముసలివాడైపోయాడు.

"సెక్రటరీకి నిజం చెప్త ఉస్తాద్," అన్నాను.

"ఇప్పుడు చెప్తే ఇద్దరం ఇంట్ల కూసుంటం. ఏం ఫాయిదా," అన్నాడు. కొబ్బరి నమిలి అడిగాడు. "సామాన్ తుడిచినవా?"

"లేదు. చెయ్యి రాలేదు."

"గట్లెట్ల బేటా. తుప్పు వడ్తది," అన్నాడు.