శుక్రవారం ఇవ్వని ఇల్లు

మా ఇంటి వెనక చేనంతా కొన్న బిల్డరు మహా తెలివిగలవాడని సూరత్ పక్కనున్న మా జోల్వా అంతా చెప్పుకునేవారు. చేనుకు దారి లేదన్న సంగతి ఆ మహానుభావుడికి కొన్నాక తెలిసింది. రోడ్డుకూ చేనుకూ మధ్య మా ఇళ్ల వరుస. మా ఇల్లో, పక్కిల్లో, ఏదో ఒకటి కూలిస్తే తప్ప అతని సిమెంటు లారీ లోపలికి పోదు.

పక్కింటాయన మా ఊరివాడే. నాన్నతో పాటే వచ్చి ఇక్కడ సాంచాల మీద బట్ట నేశాడు. "పానం పోయినా ఇల్లియ్య" అని ఆయన ముందే ప్రకటించేశాడు. దాంతో బిల్డరు మా గుమ్మం ఎక్కి, నులక మంచం మీద కూర్చుని, నాన్నను "కాకా, కాకా" అన్నాడు. ఆ వారంలో నాన్న మెడ రెండంగుళాలు పొడుగైంది.

మాకూ అమ్మాలనే ఉంది. ఇంటికి ఒక పక్కా, ఎదురుగానూ సాంచాల షెడ్లే. కిటికీ తీస్తే కూరలో పీచు. అమ్మకు ఏళ్ల తరబడి దగ్గు. మంచి గాలి వచ్చే ఇంటికి మారితే సగం మందులు తగ్గుతాయని డాక్టరు చెప్పాడు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. ధర కుదిరింది. బిల్డరు బయానా సంచితో వచ్చాడు.

ఆ రోజు శుక్రవారం.

అప్పుడే గడపకు పసుపు రాసి లేచిన అమ్మ నాన్నను లోపలికి పిలిచింది.

"శుక్రారం పూట ఇల్లు ఇడుస్తరా ఎవలన్న? లచ్చిమి పోతది. రేపు రమ్మను."

"లచ్చిమి సంచి వట్టుకొని వాకిట్ల నిలవడ్డదే!" అన్నాడు నాన్న.

"అవి పైసలు. ఇల్లే మన లచ్చిమి."

ముప్పై ఏళ్ల కాపురంలో అమ్మ మాట ఎన్నడూ వినని నాన్న ఆ ఒక్కరోజే విన్నాడు. మరి హజీరా ఫ్యాక్టరీలో ఇంజనీరునైన నేనేం చేశాను? మా ఆచారమిదీ, రేపు రండీ అని బిల్డరుకు మర్యాదగా హిందీలో నచ్చజెప్పింది నేనే.

బిల్డరు మా గుమ్మం దిగగానే పక్కింటాయన తన గేటు తీశాడు. "ధూప్ మే కాయ్కు సేఠ్, చాయ్ పీకే జావో" అని, ఎండలో నిలబడ్డవాణ్ని చాయ్‌కి లోపలికి పిలిచాడు. చాయ్ చల్లారేలోపు బయానా చేతులు మారింది. తంతే బూరెల బుట్టలో పడ్డాడు. ప్రాణం కూడా ఏమీ పోలేదు, దుక్కలా ఉన్నాడు.

పక్కిల్లు పోయి రోడ్డొచ్చింది. లారీలు మా గోడను రాసుకుంటూ పోతున్నాయి. పీచుకు ఇప్పుడు సిమెంటు దుమ్ము తోడైంది. మా ఇల్లు ఇక ఎవరికీ అక్కర్లేదు. బిల్డరు కారు అద్దం కూడా దించడు. లక్ష్మి మాత్రం మా ఇంట్లోనే భద్రంగా ఉంది, మాతో పాటు దగ్గుతూ.

మొన్న పక్కింటాయన ఊరి బయట కొన్న ఫ్లాటుకు గృహప్రవేశమని పిలిచాడు. అదీ శుక్రవారమే. నాన్న రానన్నాడు. అమ్మను నేను తీసుకెళ్లాను. పూజ అయింది, భోజనాలు అవుతున్నాయి, అమ్మ హాల్లో కిటికీ దగ్గర నుంచి కదలలేదు. రెండు గంటల్లో ఒక్కసారి కూడా దగ్గలేదు. ఆ రోజు "రేపు రండి" అన్న నా నోటిని నేనే కొట్టుకోవాలనిపించింది.

ఆ ఇంటావిడ వచ్చి, "ఎంతసేపు నిలవడ్తవక్కా, లోపల కూసుందువు రా" అంది.

"వస్త గని చెల్లె," అంది అమ్మ, "జరసేపు గీ కిటికీ ముయ్యకు."