నా దగ్గర విప్లవం లేదు

ఆ పిల్ల నాకే అన్యాయమూ చెయ్యలేదు. చేసుంటే బావుండేది, తిట్టుకోడానికి కనీసం ఒక కారణం దొరికేది. సిడ్నీలో పొలిటికల్ సైన్స్ మాస్టర్స్ చేస్తున్న రోజుల్లో నా క్లాస్‌మేట్, సూడాన్ అమ్మాయి. ఆ పిల్ల నోరు తెరిస్తే చాలు, నా కడుపు మండిపోయేది.

మా పేపరు విప్లవం తర్వాత దేశాల గురించి. పాత నియంత పోయాక రాజకీయం ఎవరి చేతుల్లోకి వెళ్తుంది, ధరలేమవుతాయి, మామూలు జనం కట్టుకున్న సంఘాలు నిలబడతాయా, ఇలాంటివి. పాఠం చెప్పే లెక్చరర్ ఆ ఏడాది మాలో ఒక్కరిని తన రిసెర్చిలోకి తీసుకుంటానంది. స్టైపెండుతో సహా పీహెచ్‌డీ సీటు. నేను సిడ్నీ శివార్లలో, టూంగాబీలో ఒక తెలుగు ఆంటీ ఇంట్లో వెనక గదిలో ఉండేదాన్ని. ఆ ఆంటీ దగ్గర్నుంచి రేపల్లెలో మా అమ్మ దాకా అందరిదీ ఒకటే మాట: అంత దూరం వెళ్ళి పాలిటిక్స్ చదవడమేంటే? ఐటీ లేదా, నర్సింగ్ లేదా? వాళ్ళ నోళ్ళు మూయించడానికి నా దగ్గరున్న జవాబు ఆ సీటొక్కటే. అది రాకపోతే వాళ్ళందరూ అన్నదే నిజమవుతుంది.

చదువులో నేనేం తీసిపోలేదు. ఇచ్చిన రీడింగులన్నీ చదివేదాన్ని, ఇవ్వనివి కూడా చదివేదాన్ని. ట్యూటోరియల్‌లో ఈజిప్టూ ట్యునీషియా గురించి ఎన్ని పుస్తకాల్లోంచి ఎన్ని మాటలు చెప్పినా లెక్చరర్ తలూపి "గుడ్" అనేది. అంతే. ఆ తర్వాత సూడాన్ అమ్మాయి "మా పిన్ని నిన్న ఫోన్ చేసింది" అని మొదలెట్టేది. అయిపోయింది. లెక్చరర్ పెన్ను కింద పెట్టేసేది. వెనక బెంచీలో ఫోన్ చూసుకుంటున్నవాడు కూడా తల ఎత్తేవాడు.

వాళ్ళ దేశంలో రొట్టె ధర పెంచితే జనం రోడ్ల మీదికొచ్చారు, ఏళ్ళ తరబడి పాతుకుపోయిన నియంతని దించేశారు. తర్వాత సైన్యమూ పౌర నాయకులూ కలిసి ప్రభుత్వం నడుపుతున్నారు. కానీ డబ్బుకి విలువ లేదు, రొట్టెకి క్యూ, పెట్రోలుకి క్యూ. పేటపేటకీ జనం కమిటీలు పెట్టుకున్నారు. ఖార్తూమ్‌లో ఉన్న వాళ్ళ పిన్ని అలాంటి కమిటీలో ఉందట. తెల్లారకముందే రొట్టెల బట్టీ దగ్గరికెళ్ళి నిలబడుతుందట, సర్కారు చవగ్గా ఇచ్చిన పిండి దొడ్డిదారిన బ్లాక్‌లోకి పోకుండా. బట్టీవాడు పిన్నిని చూసి ఎలా మొహం మాడ్చుకుంటాడో ఆ పిల్ల చేసి చూపిస్తే క్లాసంతా నవ్వు. నేనూ నవ్వేదాన్ని, ఏడవలేక.

ఈ బాధ నాకు కొత్తది కాదు. మా ఊరి చర్చిలో సాక్ష్యాలు చెప్పుకునే ఆదివారం ఒకటుండేది. తాగి తందనాలాడి, పెళ్ళాన్ని తన్ని, ఆఖరికి మారిన మనిషి లేచి నిలబడితే చర్చంతా ఆమెన్‌లే ఆమెన్‌లు. నేనేమో పుట్టు క్రైస్తవురాలిని. సండేస్కూల్ మానలేదు, వాక్యాలు కంఠతా వచ్చు, చెప్పుకోడానికి ఒక్క పాపం లేదు. నేను లేస్తే పాస్టరుగారు కూడా గడియారం చూసుకునేవారు. ఎక్కడికొచ్చినా నా గతి అదే. నా దగ్గర విప్లవం లేదు. ఓటేసి, ఓడించి, అయిదేళ్ళకి మళ్ళీ వాళ్ళనే తెచ్చుకునే దేశం నాది.

ఒక్కటే నాకు ధైర్యం. ఆ పిల్లకి కబుర్లున్నాయి, నాకు చదువుంది. చివర్లో తూకం వేస్తే నావైపే మొగ్గుతుందని నమ్మాను.

సెమిస్టర్ చివర్లో, మా ప్రెజెంటేషన్లకి వారం ముందు, సూడాన్‌లో సైన్యం పూర్తిగా గద్దెనెక్కింది. ప్రధానమంత్రిని నిర్బంధించారు, ఇంటర్నెట్ కోసేశారు. ఆ వార్త ట్రైన్లో ఫోన్లో చూశాను. నాకు మొట్టమొదట ఏం తట్టిందో చెప్పమంటారా? ఇంక సీటు దానిదే అనుకున్నాను. ఇంత పెద్ద సాక్ష్యం ముందు నా పుస్తకాలు ఎవడిక్కావాలి?

అప్పుడు చేశానండీ ఆ తెలివితక్కువ పని. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, రాసుకున్న పేపరంతా పక్కన పడేసి నేనూ ఒక కథ చెప్పాలనుకున్నాను. మా వీధి రేషన్ షాపు కథ. డీలరు తూకంలో కొట్టేసేవాడు, బియ్యం రాత్రికి రాత్రి మిల్లుకి తోలేవాడు. ఒకరోజు మా అమ్మా చర్చి స్త్రీల సమాజం వాళ్ళూ వెళ్ళి ఆ తక్కెడ లాక్కొచ్చి నడిరోడ్డు మీద పెట్టి, వాడి పేరు పెట్టి కేకలేశారు. వాడి వెనక ఏ నాయకుడున్నాడో కూడా అన్నారు. క్లాసులో అన్నీ చెప్పాను. డీలరు పేరు, వీధి పేరు, నాయకుడి పేరు, పార్టీతో సహా. కొందరు ఇళ్ళనుంచి స్క్రీన్ మీద చూస్తున్నారు, అందరికీ పంపడానికి క్లాసు రికార్డవుతోంది కూడా. బాగానే నవ్వారు. లెక్చరర్ మాత్రం "కథ చాలా బావుంది. ఇందులో నీ వాదన ఏమిటి?" అంది. 

తర్వాత సూడాన్ అమ్మాయి లేచింది. పిన్ని మాట వస్తుందని అందరం చెవులు రిక్కించాం. రాలేదు. పిండి మీద సబ్సిడీ, వాళ్ళ డబ్బు సూడాన్ పౌండు పతనం, అప్పిచ్చినవాళ్ళు పెట్టిన షరతులు, కమిటీలు ఎక్కడ గట్టిగా నిలబడ్డాయి, ఎక్కడ చీలాయి, ఎందుకు. అన్నీ పట్టికలు. అరబ్బీలోవి కూడా తవ్వి తెచ్చింది. నేను చదివిన పుస్తకాలన్నీ ఆ పిల్ల చదివింది, వాటిల్లో తప్పులు కూడా పట్టుకుంది. గొంతు ఒక్కసారి కూడా వణకలేదు. చదువు కూడా దానిదేనా అనుకున్నాను. గోరుచుట్టు మీద రోకటి పోటు.

సీటు ఆ పిల్లకే వచ్చింది. మెయిలొచ్చిన రోజే స్టేషన్‌లో కనిపించింది. ఇద్దరిదీ ఒకే లైను, తనది బ్లాక్‌టౌన్. తప్పించుకుందామనుకున్నా గానీ, చూసేసింది. "కంగ్రాట్స్" అన్నాను. పళ్ళ మధ్యనుంచి వచ్చింది ఆ మాట.

థాంక్స్ కూడా చెప్పలేదు. "ఆరోజు నువ్వు మాట్లాడుతుంటే నీ మీద నాకెంత కుళ్ళొచ్చిందో తెలుసా?" అంది.

నా మీదా! వాదన ఏమిటని అడిగించుకున్నదాన్ని నేను.

"వాడి పేరు చెప్పావు," అంది. "వీధి పేరు కూడా. రికార్డవుతుంటే. నేను మా పిన్ని గురించి ఒక్క ముక్క చెప్పలేకపోయాను. ఆ వీడియో ఎవరి దగ్గరికి పోతుందో నాకేం తెలుసు? సెమిస్టరంతా వాగినదానికే ఇప్పుడు భయంగా ఉంది." మళ్ళీ తనే అడిగింది. "అలా రోడ్డు మీద అరిచాక మీ అమ్మకేమైంది?"

"మా అమ్మకేమవుతుంది? ఇంటికొచ్చి అన్నం వండింది," అని నవ్వేశాను.

ఆ పిల్ల నవ్వలేదు. "ఇదిగో, ఈ నవ్వుకే," అంది.

ట్రైన్ వస్తున్నట్టు బోర్డు మీద పడింది. ఆ పిల్ల ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకుంది, కలవక దించింది, మళ్ళీ పెట్టుకుంది. సీటొచ్చిన సంగతి ఇంట్లో చెప్పావా అని అడిగాను, ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని.

"ఎవరికీ చెప్పలేదు," అంది. "ముందు పిన్నికి చెప్పాలి."