నొప్పి లేని జబ్బు

లాస్ ఏంజెలెస్‌లో ఒలింపిక్ వీధి మీదున్న లాండ్రీలో మల్‌సుక్ అక్క ఇరవై ఆరేళ్లుగా ప్యాంట్ల అంచులు మడిచి కుడుతోంది. అరవై దాటినా డాక్టరు గడప తొక్కలేదు. ఇన్సూరెన్స్ లేదు, ఇంగ్లీషు రాదు. నొప్పి లేకుండా ఆస్పత్రికి పోవడమంటే పోయే కంపను మెడకు తగిలించుకోవడమే అనేది.

ఒక ఆదివారం మా కొరియా వాళ్ల చర్చిలో భోజనాలయ్యాక, రిటైరైన నర్సు క్యుంగ్‌రాన్ పేగు క్యాన్సర్ పరీక్ష డబ్బాలు పంచింది. ఇంట్లోనే కాస్త మలం గొట్టంలో పెట్టి తెచ్చిస్తే చాలు, ఉచితం.

"తిన్నది అరగకముందే ఈ మాటలేమిటే," అంది మల్‌సుక్.

"తిన్నది ఎటు పోతోందో అడుగుతున్నా, అంతే అక్కా."

ఆడవాళ్లంతా నవ్వారు. కాదనలేక డబ్బా సంచిలో వేసుకుంది. నాలుగు ఆదివారాలు క్యుంగ్‌రాన్ వెంటపడ్డాక, పోరు పడలేక పరీక్ష గొట్టం తెచ్చిచ్చింది.

తర్వాత ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. ఏదో ప్రకటన అనుకుని సొరుగులో పడేసింది. చివరికి, ఫలితాలు తనకూ అందడంతో, క్యుంగ్‌రానే లాండ్రీకి వచ్చి చెప్పింది.

"మలంలో రక్తం ఉందట. కెమెరా గొట్టంతో పేగు చూడాలంటున్నారు."

మల్‌సుక్ మిషను ఆపలేదు. "మా అమ్మకూ ఇంతే. కోసి చూసి, మళ్లీ కుట్టేసి ఇంటికి పంపారు. నా రాత ఎలా ఉంటే అలా."

"మీ అమ్మగారు నొప్పి వచ్చాక వెళ్లారు. మీకింకా రాలేదుగా."

మల్‌సుక్ ఆ అంచు కొసదాకా కుట్టి దారం తెంపింది.

"హేరిన్‌కి చెప్పకు," అంది చివరికి. హేరిన్ ఆమె కూతురు. "నా కడుపు సంగతులు అది డాక్టరుకి ఇంగ్లీషులో చెబుతుంటే పక్కన నేనెలా కూర్చోను?"

"డాక్టరుకి నేనొచ్చి చెబుతా."

ఆస్పత్రి ఖర్చుకి సాయం కోసం కాగితాలు కూడా క్యుంగ్‌రానే నింపింది. కెమెరా పరీక్షలో పేగులో గడ్డ కనిపించింది. క్యాన్సరే, కానీ తొలిదశ. ఆపరేషన్ చేసి ఆ ముక్క తీసేశారు. కీమో అక్కర్లేదన్నారు.

ఆపరేషన్ ముందురోజుగానీ హేరిన్‌కి తెలియలేదు. "చర్చి ఆవిడకి తెలిసింది గానీ నాకు తెలియకూడదా అమ్మా?" అంది. రెండు నెలలు ఆ పిల్ల ముభావంగానే ఉంది. ఆ తర్వాత పరీక్షలకి తనే తీసుకెళ్లింది. డాక్టరు మాటలు తల్లికి చెప్పేటప్పుడు ఇద్దరూ నేలచూపులే చూసేవాళ్లట.

పాస్టరుగారు చర్చిలో నిలబడి నాలుగు మాటలు చెప్పమంటే మల్‌సుక్ ఒప్పుకోలేదు. లాండ్రీలో మాత్రం, స్కర్టు తెచ్చిన ప్రతి కొరియా ఆడమనిషినీ కొలతలు తీస్తూ అడుగుతోంది: "నీ పరీక్ష అయిందా?" ఇద్దరు మొహం ముడుచుకుని వేరే కొట్టుకి మారారు. పోనీ అంది.