అక్కకు రాసిచ్చిన నాలుగెకరాలు

నా ప్రాణాన్ని నా నోరే ఎలా తీయబోయిందో చెబుతాను. నవ్వండి, అభ్యంతరం లేదు. కానీ కాస్త నిటారుగా కూర్చుని నవ్వండి. దొరల కోటలాంటి గడిలో పుట్టినవాడి సంగతి ఇది.

ప్రత్యేక రాష్ట్రం రావడానికి రెండేళ్ల ముందు నా కిడ్నీలు రెండూ పని మానేశాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. గాంధారిలో ఉండే మా సుజాతక్క తన కిడ్నీ ఒకటి ఇస్తానంది. పరీక్షలన్నీ కలిశాయి. ఇక హైదరాబాదు ఆసుపత్రిలో కమిటీ ముందు కూర్చోవాలి. ఇది అమ్మకం కాదని వాళ్లు నమ్మితేనే ఆపరేషన్.

కామారెడ్డిలో రైలెక్కినప్పటి నుంచీ అక్క పాఠం చెబుతూనే ఉంది.

"తమ్మీ, ఏమడిగినా అక్క ప్రేమతోని ఇస్తున్నది అను. గంతే. మన గడి ముచ్చట తియ్యకు."

"నేనెందుకు తీస్తనక్కా?"

"ఇప్పుడే గద టికెట్లు చూసెటాయనకు చెప్పినవ్!"

తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అంటారే, నా మూతి అప్పటికి మందుల వాసనే కొడుతోంది. గడి రాళ్లు సగం ఊళ్లోవాళ్ల మేకల కొట్టాలకు చేరాయి. మీసం మాత్రం గడిమీది జెండాలాగే నిలబడి ఉంది.

కమిటీలో పెద్ద డాక్టరు మెత్తగా అడిగాడు. "అక్కగారికి బదులుగా ఏమైనా ఇచ్చారా?"

'లేదు' అంటే చాలు. కానీ మా తాత ఆడబిడ్డ ఇంట్లో మంచినీళ్లు తాగినా మర్నాడు బండెడు మామిడిపండ్లు పంపేవాడట. సరిగ్గా అప్పుడే ఆ తాత వచ్చి నా గొంతులో కూర్చున్నాడు.

"ఉత్తగ తీసుకునే వంశం కాదు సార్ మాది. పోచారం కాలువ కింద నాలుగెకరాలు అక్కకు రాసిచ్చిన!"

డాక్టరు కలం ఆగింది. "నిజమేనా అమ్మా?"

"ఏ నాలుగెకరాలు సార్?" అక్క తల పట్టుకుంది. "నేను బడికి పోయే రోజులల్లనే మా బాపు అమ్మిండు అవి!"

ఆయన ఫైలు మూసేశాడు. ఆ భూమి మా ఇద్దరిలో ఎవరి పేరా లేదని కాగితం తెస్తే తప్ప ఆపరేషన్ లేదన్నాడు.

ఆ విధంగా నేను ఎల్లారెడ్డి తహసీల్ ఆఫీసులో నిలబడ్డాను. ఒకప్పుడు అక్కడివాళ్లు కాగితాలు పట్టుకుని మా గడికే వచ్చేవారు. గుమాస్తా చెవి దగ్గరికి వంగి చెప్పాను.

"జర గట్టిగ చెప్పుండ్రి దొరా!"

"నాకు భూమి లేదని కాయితం కావాలె."

"ఎంత లేదు?"

"అసలే లేదు!"

వరండాలో ఉన్న రైతులంతా తిరిగి చూశారు. గుమాస్తా ఏ భూమి ఎవరిదో రాసుండే పహాణీ మొత్తం తిరగేసి, పెండ్లి పత్రిక చదివినట్టు చదివాడు. "నిజమే దొరా, మీకు గాని అక్కకు గాని ఒక్క గుంట గూడ లేదు. బేఫికర్ పోండ్రి!"

వెనక నుంచి ఒక ముసలి రైతు చేయెత్తాడు. "ఆ నాలుగెకరాలు నేనే కొన్న. సాక్ష్యం చెప్పాల్నా?"

మా పెద్దలు సంపాదించిన ఆస్తులేవీ నన్ను కాపాడలేదు. ఏమీ లేదన్న ఆ ఒక్క కాగితమే కాపాడింది. కమిటీ ఒప్పుకుంది, అక్క కిడ్నీ ఇచ్చింది.

ఇప్పుడు గాంధారి వెళ్తే అక్క చెంబెడు నీళ్లు చేతికిచ్చి అడుగుతుంది. "ఏం తమ్మీ, నా నాలుగెకరాలల్ల ఏమేసినవ్ ఈసారి?"

చుక్క మిగల్చకుండా తాగుతాను. మామిడిపండ్లు పంపను. అక్క ఇచ్చిన కిడ్నీ మీద ఒట్టు, లేని పొలాన్ని ఇక జన్మలో ఎవరికీ రాసివ్వను.