జీడితోట మీద ఎగిరిన డ్రోన్

ఆ రోజు బస్సులో నేను అబద్ధమాడాను.

సీతంపేట కొండల మీద డ్రోన్ ఎగరేసి, లేజరుతో చెట్ల ఎత్తు, గుబురు కొలిచి పాలకొండ బస్సెక్కాను. పక్క సీట్లో ముసలామె నా డ్రోన్ పెట్టెను కాలితో నెట్టింది.

"మా జీడితోట మీద ఎగిరింది ఇదేనా? అడివని రాసీస్తే మాకు పట్టా రాదు. ఏటి రాసినావు?"

పటంలో ఆ తోటను అడవి అనే గుర్తించాను. "నాకు తెలీదమ్మా, పెట్టె మోసేవాణ్ణి" అన్నాను.

"మొక్కలకి మేం నీళ్లు మోసినప్పుడు ఈ పెట్టె ఎక్కడున్నాదిరా?"

బస్సంతా నావైపు తిరిగింది. ఎత్తు కొలిచానే గాని, ఆ చెట్లు ఎవరు నాటారో నేను అడగలేదు.

మర్నాడు ఆ కొండెక్కి, ఊరివాళ్లతో తోటల హద్దులు నడిచి, పటంలో 'అడవి' అన్న మాట కొట్టేసి 'జీడితోట' అని దిద్ది ఆఫీసుకి పంపాను. ఆమె గుమ్మం ముందు నిలబడి, పెట్టె మోసేవాణ్ణి కానని చెప్పాను. ఆమె నన్ను కూర్చోమనలేదు.